పుట్టుకతో వచ్చిన బుద్ధేనా?

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అని మనవాళ్ళు ఏ ముహూర్తాన అన్నారో గాని, ఆ మాట మన నాలికల మీద తిష్ఠ వేసుకు కూర్చుంది. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకు బతుకుతున్నదాన్ని, సామెతలంటే నాకు మహా యిష్టం. అయినా యీ ఒక్క సామెతతో మాత్రం యీ వారం కాస్త పేచీ పెట్టుకోదలిచాను. దానికి కారణం ఒక వుత్తరం.

రాసినావిడ భద్రాచలం అవతల, అడవి అంచున వున్న ఒక పల్లెలో కాపురం వుంటున్నారు. కూతురికి 19 ఏళ్ళు. ఖమ్మంలో హాస్టల్లో వుండి డిగ్రీ చదువుతోంది. వుత్తరంలో ముఖ్యమైన భాగం యిది:

"అక్కయ్యగారూ, మా వూళ్ళో ఫోను సిగ్నలు చెరువుగట్టు ఎక్కితే వుంటుంది, దిగితే పోతుంది. నేను వంటింట్లో వున్న వేళ దానికి ఫోను కలవలేదంటే 30 సార్లు చేస్తుంది. కలిసీ కలవగానే ‘కావాలనే తియ్యలేదు నువ్వు, నేను చస్తే నీకు పీడా వదులుతుంది’ అంటుంది. అయిదు నిమిషాల్లో ‘అమ్మా, నువ్వు తప్ప నా కెవరున్నారే’ అని ఏడుస్తుంది. గదిలో వుండే స్నేహితురాలు పొద్దున దేవత, సాయంత్రానికి రాక్షసి. రెండు సార్లు తనకు తాను హాని చేసుకుంది. మా అత్తగారు అది పుట్టుబుద్ధి అంటారు. మా ఆడపడుచు మూడు ముళ్ళు పడితే అన్నీ సర్దుకుంటాయంటుంది. ఇది బుద్ధా, జబ్బా? జన్మంతా మాకు యింతేనా?"

నాకు రాసే ముందే ఆ తల్లి కూతుర్ని ఖమ్మంలో మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకు వెళ్ళింది. చాలా మంచి పని చేసింది. వుత్తరం చూసి జబ్బు చెప్పడానికి నేను డాక్టర్ని కాను, చదివింది తెలుగు ఎమ్మే. ఆ డాక్టరుగారు పిల్లతో నాలుగు సార్లు మాట్లాడి, తల్లితో విడిగా మాట్లాడి, చివరకు చీటీ మీద "బోర్డర్ లైన్ పర్సనాలిటీ డిజార్డరు" అని రాశారట. దానితో ఆ చెల్లెలికి భయం రెట్టింపయింది. పర్సనాలిటీ అంటే వ్యక్తిత్వమే గదా, వ్యక్తిత్వమే జబ్బయితే యింక మందెక్కడిది అని ఆమె బెంగ.

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. రైల్లో మా ప్రాంతానికి వచ్చిన వాళ్ళకు "భద్రాచలం రోడ్" అని పేరున్న స్టేషను తెలిసే వుంటుంది. పేరు చూసి దిగితే అది కొత్తగూడెం. రాములవారి గుడికి యింకా 40 కిలోమీటర్లు బస్సులో పోవాలి, గోదావరి దాటాలి. ఈ జబ్బు పేరు కూడా ఆ స్టేషను లాంటిదే. 1938 లో అమెరికాలో ఆడాల్ఫ్ స్టెర్న్ అనే వైద్యుడు, తన దగ్గరకు వచ్చే కొందరు రోగులు మామూలు ఆందోళన జబ్బుల వాళ్ళలోనూ చేరక, మతి తప్పిన వాళ్ళలోనూ చేరక మధ్యలో వున్నారని గమనించి, సరిహద్దు మీది వాళ్ళు అన్నాడు. 1980 లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన గ్రంథంలో ఆ పేరునే స్థిరపరిచింది. ఆ సరిహద్దు భావం వైద్యులలో ఎప్పుడో పోయింది, పేరు మాత్రం మిగిలింది. 2022 నుంచి అమలులో వున్న ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో కూడా ఆ మాట యింకా ఒక మూల కనిపిస్తూనే వున్నది. అంచేత పేరు చూసి, మా పిల్ల పిచ్చికి అడుగు దూరంలో వుందని ఎవరూ గుండె చెదర్చుకో నక్కర లేదు.

మరి అసలు జబ్బేమిటి? మా ఖమ్మం జిల్లా మిరప పండే నేల. కల్లంలో రోజంతా కాయలు ఏరిన మనిషికి చేతులు భగ్గున మండుతుంటాయి. ఆ చేతుల మీద గోరువెచ్చని నీళ్ళు పడినా అమ్మో అంటుంది. అవే నీళ్ళలో మనం వేలు పెట్టి చూసి "ఏముంది యిందులో, చల్లగానే వున్నాయిగా" అంటాం. నీళ్ళ సంగతి మనం చెప్పింది నిజమే. మంట సంగతి ఆమె చెప్పిందీ నిజమే. ఈ జబ్బున్న వాళ్ళకు మనసంతా ఆ చేతుల వంటిది. ఫోను తియ్యకపోవడం, పలకరింపులో గొంతు కాస్త మారడం, స్నేహితురాలు మరొకరితో కలిసి భోజనానికి వెళ్ళడం — మనకు గోరువెచ్చని నీళ్ళు. వాళ్ళకు అది "నన్ను వదిలేశారు" అన్న వార్త. ఆ వదిలేస్తారన్న భయమే తక్కిన చాలా వాటికి మూలం. గంట గంటకూ మారే మనసు, పట్టపగ్గాలు లేని కోపం, ఆ వేడిలో డబ్బూ ఆరోగ్యమూ చూడకుండా చేసే పనులు, తనకు తాను హాని చేసుకోవడం, నేనెవరిని, నాకేం కావాలి అన్నది స్థిరంగా తెలియకపోవడం, అంతా సద్దుమణిగాక లోపల బావి ఎండినట్లు ఒక ఖాళీ. వైద్యులు మొత్తం 9 లక్షణాలు చెబుతారు. వాటిలో 5 కైనా తక్కువ కాకుండా, చాలా కాలంగా, ఇంటా బయటా వుంటేనే యీ పేరు పెడతారు.

అందుకని యిది చదివి మీ కోడలికో, వదినగారికో యీ పేరు అంటగట్టకండి సుమా! అలక వేరు. నంది తిమ్మనగారి సత్యభామ శ్రీకృష్ణుణ్ణి ఏకంగా కాలితో తన్నింది. అయినా పారిజాతం పెరట్లోకి రాగానే అలక తీరింది. అలకకు ఒక కారణం వుంటుంది, ఒక గది వుంటుంది, ఒక ముగింపు వుంటుంది. కోపమూ వేరే. మా నేలకొండపల్లి గోపన్న, మీ అందరి భక్త రామదాసు, గోల్కొండ చెరలో కూర్చుని ఏ నగకు ఎంతయిందో లెక్క చెప్పి మరీ రాముణ్ణి దెప్పాడు. దెప్పుతూనే కొలిచాడు. ఒకే మనిషి మీద ఒకే వేళ కోపమూ ప్రేమా రెండూ పెట్టుకోగలగడం ఎంత పెద్ద ఆరోగ్యమో మనకు తెలియదు. ఈ జబ్బులో ఆ రెండూ ఒక గదిలో యిమడవు. ప్రేమ వున్న గంటలో ఎదటి మనిషి దేవుడు. కోపం వచ్చిన గంటలో ఆ దేవుడు ఎన్నడూ లేడు.

ఎందుకు వస్తుందంటారా? దాదాపు సగం పాళ్ళు పుట్టుక నుంచి వస్తుందని కుటుంబాల మీద, కవల పిల్లల మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. పుట్టుక నుంచి వచ్చేది మంట, బుద్ధి కాదు. తక్కిన సగం పెరిగిన తీరు, తగిలిన దెబ్బలు. చిన్ననాడు హింసకు, అత్యాచారానికి గురైన వారు వీరిలో చాలామంది వుంటారు. కాని అందరూ కాదు. ఏ పాపమూ ఎరగని యిళ్ళలో కూడా యీ జబ్బు వుంటుంది. కనుక డాక్టరు దగ్గర నుంచి రాగానే "నా పెంపకంలోనే లోపం వుంది" అని తల బాదుకునే తల్లులు కాస్త ఆగాలి. అయితే మండే చేతుల పిల్లతో ఏళ్ళ తరబడి "నీళ్ళు చల్లగానే వున్నాయి, నువ్వే నటిస్తున్నావు" అని అంటూ వుంటే మంట తగ్గదు, పెరుగుతుంది. అది మాత్రం మన చేతిలో వున్న సంగతి.

ఇది ఆడవాళ్ళ జబ్బు అని కూడా ఒక మాట వుంది. ఆస్పత్రులలో ఆడవాళ్ళే ఎక్కువ కనిపించడం నిజం. కాని అమెరికాలో జనసామాన్యంలో జరిపి 2008 లో వెల్లడించిన ఒక పెద్ద సర్వేలో ఆడా మగా తేడా దాదాపు లేదని తేలింది. మగవాడికి యిదే వస్తే మనం కోపిష్ఠి అంటాం, తాగుబోతు అంటాం, పోలీసు స్టేషను దాకా వెళతాం. డాక్టరు దగ్గరకు మటుకు వెళ్ళం.

ఇక ఆ తల్లి అడిగిన అసలు ప్రశ్న. జన్మంతా యింతేనా?

ఈ ప్రశ్నకు వైద్యుల దగ్గర కూడా చాలా కాలం సరైన జవాబు లేదు. వాళ్ళూ మన సామెతనే యింగ్లీషులో చెబుతుండేవారు. 1992 లో అమెరికాలో బోస్టన్ నగరం దగ్గర మెక్లీన్ ఆస్పత్రిలో మేరీ జనారిని అనే పరిశోధకురాలు, యీ జబ్బుతో ఆస్పత్రిలో చేరిన 290 మందిని ఎన్నుకుని, రెండేళ్ళ కొకసారి పిలిచి, ఎలా వున్నారో చూడడం మొదలు పెట్టింది. పదేళ్ళు గడిచాక లెక్క చూస్తే, 100 మందిలో 93 మంది, కనీసం రెండేళ్ళ పాటు, ఆ జబ్బు అని పేరు పెట్టడానికి వీలు లేనంతగా నెమ్మదించారు! వీళ్ళు వానాకాలపు జల్లులో తడిసినవాళ్ళు కారు, ఆస్పత్రిలో చేర్చవలసినంత తీవ్రంగా వున్నవాళ్ళు. సామెత చెప్పిన పెద్దలకు యీ లెక్క అందలేదు, పాపం.

అలాగని 93 అనగానే పండగ చేసుకోవద్దు. అదే పరిశోధనలో యింకో లెక్క వుంది. జబ్బు నెమ్మదించడమే కాక, స్థిరంగా ఉద్యోగమో పనో చేసుకుంటూ, నాలుగు మంచి సంబంధాలు నిలుపుకుంటూ బతకగలిగిన వాళ్ళు ఆ పదేళ్ళకు సగం మందే. అంటే జబ్బు ముందు పోతుంది, బతుకు వెనకాల నింపాదిగా వస్తుంది. వరద తీసినంత తొందరగా పొలం సాగుకు రాదని గోదావరి వొడ్డున వుండేవాళ్ళకు వేరే చెప్పాలా?

వెళ్ళే లక్షణాలు కూడా అన్నీ ఒక్కసారి వెళ్ళవు. చూసేవాళ్ళను హడలగొట్టేవి, అంటే తొందరపాటు పనులు, తనకు తాను హాని చేసుకోవడం, ముందు తగ్గుతాయి. ఎవరికీ కనిపించని ఖాళీ, వదిలేస్తారన్న భయం, చివరి దాకా పట్టుకుని వుంటాయి. పైకి బాగుంది గదా అని మనం నిశ్చింతగా వుండే రోజుల్లో కూడా లోపల ఆ పని జరుగుతూనే వుంటుంది.

పిల్ల 19 ఏళ్ళకు డాక్టరు దగ్గరకు వెళ్ళడం తొందరపాటని ఎవరో ఆమెతో అన్నారట. నిజానికి జబ్బు తల ఎత్తేది యీ పద్నాలుగు, పదిహేనేళ్ళ నుంచే. ఒకప్పుడు 18 నిండకుండా యీ పేరు పెట్టడానికి వైద్యులే జంకేవారు. ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ నగరంలో ఆండ్రూ చానెన్, ఆయన తోటివారు పదిహేనేళ్ళ పిల్లలకే వైద్యం మొదలుపెట్టి, మేలు జరుగుతుందని చూపించారు.

ఇప్పుడొక కష్టమైన మాట చెప్పక తప్పదు. పదేళ్ళలో నెమ్మదిస్తుందంటే, ఆ పదేళ్ళూ మనిషి దక్కాలి. కెనడాలో మాంట్రియల్ నగరంలో కొందరు రోగులను 27 ఏళ్ళ తర్వాత వెదికి చూస్తే, పదిమందిలో ఒకరు ఆత్మహత్య వల్ల పోయారు. అలా పోయిన వారి సగటు వయస్సు 37. పడుచుతనం దాటింది గదా, గండం గడిచిందనుకోవడానికి లేదన్న మాట. "చస్తాను, చస్తాను అనేవాళ్ళు చావరు" అనే మాటను మన యిళ్ళలోంచి తీసి బయట పారెయ్యాలి. పది సార్లు అన్న మాటను పదకొండోసారి కూడా నిజమనే తీసుకోవాలి. ఆ వేడి సాధారణంగా కొద్ది గంటలలో దిగిపోతుంది, ఆ కొద్ది గంటలు పక్కన మనిషి వుండాలి. పత్తి, మిరప పండించే మా వైపు పురుగుల మందు లేని యిల్లు అరుదు. దాన్ని యింట్లో వుంచకుండా, వేరే చోట తాళం వేసి, తాళంచెవి యింకొకరి దగ్గర పెట్టడం పెద్ద వైద్యం కిందే లెక్క.

పోలీసు కేసవుతుందని భయపడి ఆస్పత్రికి వెళ్ళని వాళ్ళు యింకా వున్నారు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన వత్తిడిలో వున్నట్లే భావించాలని, శిక్షించ కూడదని చెప్పింది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత 309 సెక్షనే లేదు. రాత్రివేళ ఏమీ తోచనప్పుడు 14416 కు ఫోను చెయ్యవచ్చు. టెలీ మానస్ అనే యీ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు నుంచి వుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

ఆడపడుచుగారి మూడు ముళ్ళ వైద్యం గురించి ఒక్క మాట. వదిలేస్తారన్న భయం ప్రాణం తీస్తున్న పిల్లను తీసుకుపోయి, ఎరగని యింట్లో, ఎరగని మనుషుల మధ్య వదిలితే ఏమవుతుందో ఆలోచించండి. పైగా ఆ కుర్రవాడు చేసిన పాపమేమిటి? నెమ్మదించాక, అన్నీ చెప్పి, యిష్టపడి చేసుకుంటే అది వేరు. వీళ్ళలో మంచి భార్యలు, భర్తలు, తల్లులు అయినవాళ్ళు వున్నారు. పెళ్ళి మందు కాదంటున్నాను గాని పెళ్ళి కూడదనడం లేదు.

వైద్యం సంగతికి వస్తే, ఒక మనిషి కథ చెప్పాలి. 1961 లో అమెరికాలో 17 ఏళ్ళ పిల్లను హార్ట్‌ఫర్డ్ నగరంలో ఒక మానసిక చికిత్సాలయంలో చేర్చారు. తనకు తాను ఎంత హాని చేసుకునేదంటే, ఆమెను చాలా కాలం ఒంటరి గదిలోనే వుంచవలసి వచ్చింది. జబ్బేమిటో సరిగా తెలియక మరో జబ్బు పేరు పెట్టి వైద్యం చేశారు. రెండేళ్ళకు పైగా అక్కడే గడిపి 1963 లో బయటికి వచ్చింది. తర్వాత చదువుకుని, మనస్తత్వశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకుని, సియాటిల్ నగరంలో ప్రొఫెసరయింది. ఆమె పేరు మార్షా లైనహాన్. ఈ జబ్బుకు పనికివస్తుందని పరీక్షకు నిలిచిన మొదటి మాటల చికిత్స ఆమెదే. 1991 లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. వున్న మనిషిని వున్నట్టు ఒప్పుకోవడం, అదే సమయంలో మారడానికి నేర్పు నేర్పడం, ఈ రెండూ ఆ వైద్యానికి రెండు కాళ్ళు. వేడి ఎక్కినప్పుడు ఏం చెయ్యాలి, కోరినది తగువు లేకుండా ఎలా అడగాలి అన్నవి బడిలో పాఠంలా నేర్పుతారు. 2011 లో, 68 ఏళ్ళ వయస్సులో, ఆ హార్ట్‌ఫర్డ్ చికిత్సాలయానికే వెళ్ళి, ఆ పిల్లను నేనే అని నలుగురిలో చెప్పింది. సామెత ఎంత పాతదైనా కావచ్చు, యీమె ముందు నిలవదు.

"అవన్నీ అమెరికాలో, మా అడవిలో ఎవరున్నారు?" అని మీరడగవచ్చు. సబబైన ప్రశ్నే. ఆ చికిత్స నేర్చినవాళ్ళు హైదరాబాదు, బెంగళూరుల్లోనే ఏ కొద్దిమందో వుంటారు. కాని కెనడాలో టొరంటోలో 180 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు లైనహాన్ వైద్యం, రెండో జట్టుకు మామూలు మానసిక వైద్యులు క్రమం తప్పకుండా, పద్ధతిగా చేసే వైద్యం ఏడాది పాటు యిచ్చి చూశారు. 2009 లో వచ్చిన ఫలితాలలో రెండు జట్లూ దాదాపు సమానంగా బాగుపడ్డాయి! వారానికో పదిరోజులకో ఒకే డాక్టరు, అదే కుర్చీ, అదే వోపిక, యివి ఖమ్మంలోనూ దొరుకుతాయి. డాక్టర్లను నెల కొకరిని మార్చడం మాత్రం పనికిరాదు. ఆ పిల్లకు అదొక వదిలివేత అవుతుంది. మందుల విషయంలో ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ఈ జబ్బుకే అని ప్రత్యేకించిన మాత్ర యింతవరకు లేదు. తోడుగా వచ్చే దిగులుకో, నిద్ర లేమికో డాక్టరు యిస్తే వాడాలి.

ఆ చెల్లెలికి నేను రాసింది చాలా చిన్న సంగతి. రోజూ సాయంత్రం ఆరు గంటలకు చెరువుగట్టు మీద వుంటానని పిల్లతో చెప్పమన్నాను. వానొచ్చినా సరే, ఆ వేళ తప్పకూడదు. తక్కిన వేళల్లో ఫోను కలవకపోతే అది సిగ్నలు, అమ్మ కాదు. మొదట్లో పిల్ల నమ్మదు. నమ్మకపోయినా ఆరు గంటలకు గట్టు ఎక్కుతూనే వుండాలి.

పెద్ద వయస్సు సంగతి ఎవరూ అడగరు, అందుకే నేనే ఎత్తుకుంటున్నాను. ఈ జబ్బుకు పేరు స్థిరపడకముందే పడుచుతనం గడిపేసిన వాళ్ళు మన యిళ్ళలో వున్నారు. వాళ్ళను "గయ్యాళి" అన్నాం, "మంకుపట్టు మనిషి" అన్నాం. అరవై దాటేసరికి అరుపులు, విసుర్లు చాలావరకు తగ్గుతాయి. భర్త పోయి, పిల్లలు హైదరాబాదుకో అమెరికాకో వెళ్ళాక, పాత భయం కొత్త వేషం వేసుకు వస్తుంది. మాత్రలు మింగననడం, అన్నం మానెయ్యడం, వొళ్ళంతా నొప్పులని రోజు కొక డాక్టరు, చూసుకునే మనిషిని నెలకోసారి మార్చడం. మనం చాదస్తమంటాం. ఒక జాగ్రత్త వుంది. జీవితమంతా నెమ్మదిగా వున్న మనిషి డెబ్భయ్యో యేట హఠాత్తుగా మారితే అది యీ జబ్బు కాదు. మతిమరుపు జబ్బు కావచ్చు, దిగులు కావచ్చు, వెంటనే చూపించాలి.

కొత్తగూడెంలో నా తోటి లెక్చరరు తల్లి వుంది. 72 ఏళ్ళు. వయస్సులో వుండగా ఆమె కోపానికి కాలరీ క్వార్టర్లలో వీధి వీధంతా తలుపులు వేసుకునేదట. పెద్ద కూతురు హైదరాబాదు నుంచి రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోను చేస్తుంది. మొదటి సంవత్సరం, అయిదు నిమిషాలు ఆలస్యమైతే చాలు, ముసలావిడ పెట్టె సర్దుకుని, ఎటు పోతానో తెలియదంటూ గుమ్మంలో కూర్చునేది. మూడో ఏడు నడుస్తోంది. మొన్న ఫోను రాకపోతే ఎనిమిదిన్నర దాకా చూసి, పక్కింటికి వెళ్ళి, "మా అమ్మాయికి కాస్త కలిపి పెట్టు నాయనా, బస్సులో చిక్కుపడిందేమో" అన్నదట.